ఫిర్యాదు ఒక దురలవాటు

సోమవారం, ఉదయం

ఈ చిట్టా చదివే అధికారికి నమస్కారం. చెవి వెనక కుదురు గింజ పెట్టుకోని ఉద్యోగులం కోపం వచ్చినప్పుడల్లా ఇందులో రాయాలని మీ నియమం. ఎందుకొచ్చింది, ఎవరి మీద వచ్చింది, ఎలా తగ్గింది అని. ఇన్నాళ్లూ "లిఫ్టు ఆలస్యం", "పప్పు మాడింది" అని రాసి పంపేదాన్ని. మీరు చదవకుండానే ఆకుపచ్చ టిక్కు పెట్టేవారు. ఈ వారం అలా కాదు. కాస్త తీరిక చేసుకుని చదవండి.

పొద్దున మిద్దె మీద ఎండపలకలు తుడిచే వంతు నాది. మా కాలనీలో ఏ అంతస్తు వాళ్ల పలకలు ఆ అంతస్తు వాళ్లే తుడుచుకోవాలి, లేకపోతే దుమ్ముకి ఇంట్లో కరెంటు సగమైపోతుంది. బకెట్ పెట్టి కుళాయి తిప్పితే నీళ్లు టీ రంగులో వచ్చాయి. ముక్కు మూసుకోవలసిన వాసన. ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. మురుగు గొట్టం ఎక్కడో మంచినీళ్ల గొట్టంలోకి కారుతోందని మా కాలనీలో పసిపిల్లలకు కూడా తెలుసు.

పక్కింటి లస్మక్క తన వంతు పలకలు తుడుస్తోంది, ఆ నీళ్లతోనే.

"ఈ నీళ్లే తాగుతున్నరా అక్కా?" అన్నాను.

"కాగబెట్టుకొని తాగుతున్నం బిడ్డా. ఏమైతది?"

"జలసమితికి పోయి అడగకపోయినవా?"

"పోదమనే చెప్పులేసుకున్న. లిఫ్టు దాంక పోయిన. మల్ల ఎందుకో, ఎందుకు తియ్యి అనిపిచ్చింది. ఇంటికొచ్చి ఇంత సల్ల తాగి పండుకున్న."

ఈ లస్మక్క ఎవరనుకున్నారు? కొత్తిమీర కట్టలో ఒక్క రెమ్మ తక్కువైతే కూరగాయల బండిని గేటు దాటనివ్వని మనిషి. ఆమె నోటికి జడిసి కాలనీ సంఘం అధ్యక్షుడు మెట్లదారిన పోయేవాడు. అలాంటి మనిషి చెప్పులు వేసుకుని, లిఫ్టు దాకా వెళ్లి, వెనక్కొచ్చి మజ్జిగ తాగింది. నాకు నీళ్ల మీద కంటే ఆ మజ్జిగ మీదే ఎక్కువ కోపం వచ్చింది. తగ్గలేదు.

సోమవారం, మధ్యాహ్నం

ఎండకి బయట తిరగడం నిషేధం కాబట్టి ఇంట్లో కూర్చుని ఇంకాస్త రాస్తున్నాను.

కుదురు చెడ్డదని నేననడం లేదు. చెవి వెనక శనగగింజంత ఉండే ఆ వస్తువు ఈ నగరానికి చాలా మేలు చేసింది. నా చెల్లెలి భర్త ఓదెలు గుట్కా మానేశాడంటే దాని చలవే. చెయ్యి జేబులోకి పోబోతుంటే కుదురు పసిగట్టేది. కోరిక అలా మెత్తబడి, చప్పబడి పోయేది. "ఎందుకు తియ్యి" అనిపించేది. పెళ్లాం మీద ఎన్ని ఒట్లు వేసినా మానని వాడు, గింజ పెట్టుకున్న నెలకే మానేశాడు.

కానీ దాని లోపలి లెక్కలు చూసే మాబోటి ప్రోగ్రామర్లు దాన్ని పెట్టుకోకూడదు. పెట్టుకుంటే దాన్ని సరిచెయ్యాలన్న తలంపే చప్పబడి పోతుందని మొదట్లోనే ఎవరో తెలివైనవాళ్లు రాసి పెట్టారు. కాబట్టి నా అలవాట్లను నేనే పట్టుకోవాలి. నాకు టీ పిచ్చి. రోజుకు పది సార్లు తాగేదాన్ని. మానలేక, టీపొడి డబ్బా తీసుకెళ్లి లస్మక్క అలమరలో పెట్టాను. టీ కావాలంటే తలుపు తీసుకుని, ఆమెతో నాలుగు మాటలు మాట్లాడి, అడిగి తెచ్చుకోవాలి. అంత దూరం నడిచేలోపు సగం సార్లు సిగ్గేస్తుంది. అదే నా కుదురు.

ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి నాకు తెలిసిందిది. అలవాటంటే ఆగే షరతు రాయడం మరిచిపోయిన లూపు. నిగ్రహమంటే ఆ షరతును మనిషి తనకోసం తానే రాసుకోవడం. ఎక్కడ ఆగాలో రాయాలంటే అసలెందుకు మొదలెట్టామో తెలియాలి. నేను టీ ఎందుకు మానాలో నాకు తెలుసు, రాత్రి నిద్ర పట్టదు కాబట్టి. గింజకు కారణాలతో పనిలేదు. అది ఎన్నిసార్లు చేశారని మాత్రమే చూస్తుంది.

మంగళవారం

ఇవాళ్టి కోపానికి పేజీలు చాలవు.

నా చెల్లెలు నీలవేణి కింది అంతస్తులో ఉంటుంది. ఎనిమిదో నెల. మామిడికాయ పప్పు చేశానని గిన్నె పట్టుకుని వెళ్లాను. తలుపు తీసిన ఓదెలు పక్కకు తప్పుకోగానే చెల్లెలి కళ్లు కనిపించాయి. పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"ఎట్లున్నవే నీలా?"

"మంచిగనే ఉన్న అక్కా."

అప్పుడే వాంతి చేసుకొచ్చి, కొంగుతో మూతి తుడుచుకుంటూ చెప్పిన మాట ఇది. ఒక చెయ్యి కుడి డొక్క మీద అదిమి పెట్టుకుని ఉంది.

"నాలుగొద్దుల సంది ఏం తింటలేదు వదినె," అన్నాడు ఓదెలు, వాన రాలేదని చెప్పినట్టు మామూలుగా.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్దమనే మెట్లెక్కిన. మల్ల..."

"ఎందుకు తియ్యి అనిపిచ్చిందా?"

తలూపాడు. ఆ తలను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. గిన్నె అక్కడే పెట్టేసి చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టర్ ఫర్హానా మంచి మనిషే. రక్తం చూసి, కామెర్లు, కాలేయం వాచింది, పాడునీళ్ల వల్లే వచ్చింది, కడుపుతో ఉన్నవాళ్లకు ఇది ప్రాణాంతకం అని చెప్పింది. మంచం ఇచ్చింది. ఆ తర్వాత నీలవేణి పక్కన కూర్చుని అడిగింది.

"నొప్పి ఎక్కడుందమ్మా?"

"ఏం లేదు మేడం. మంచిగనే ఉన్న."

"కళ్లు తిరుగుతున్నాయా? బిడ్డ బాగా కదులుతోందా?"

"అంత మంచిగనే ఉన్నది మేడం."

డాక్టరు అలాగే రాసుకుంది. నేను అరిచాను. డొక్క పట్టుకుని మెలికలు తిరుగుతోంది కనబడట్లేదా అన్నాను. డాక్టరు నా చెవి వెనక చూసి, గింజ లేదని గమనించి, జాలిగా నవ్వింది.

"చూడండి, బిడ్డ గుండెను ఎప్పుడూ కనిపెట్టి ఉండే యంత్రాలు మా దగ్గర కొద్దిగానే ఉన్నాయి. ఇబ్బంది చెప్పినవాళ్లకు పెడతాం. మిగతావాళ్లకు పూటకోసారి చూస్తాం. బిడ్డ కదలిక తగ్గితే తల్లి వెంటనే చెప్పాలి. అది అందరికంటే ముందు తెలిసేది ఆమెకే."

"ఆమె బదులు నేను చెబుతున్నా. పెట్టండి."

"నొప్పి మీది కాదు కదా?"

అలా అంటూ నా భుజం తట్టింది. ఆమె తప్పేం లేదు. ఆమె చెవి వెనక కూడా గింజ ఉంది.

బుధవారం

ఆఫీసుకెళ్లి నీలవేణి గింజ లెక్కలు తెరిచాను. అనుమతి లేకుండా చూశానని నాకు నోటీసు ఇవ్వాలంటే ఇచ్చుకోండి.

ఆమె నోట "నొప్పి" అనే మాట పుట్టబోయిన ప్రతిసారీ కుదురు దాన్ని మెత్తబరుస్తోంది. ఎందుకని వెనక్కి తవ్వుకుంటూ పోతే, ఎండాకాలం మొదట్లో ఆమె నీళ్ల గురించి జలసమితికి పదే పదే ఫోను చేసింది. ఒక్కసారీ ఎవరూ రాలేదు. మా కాలనీలో ఇంటింటిదీ ఇదే కథ. లస్మక్కా చేసింది, ఓదెలూ చేశాడు. ఎవరికీ ఏమీ జరగలేదు.

ఇక మా కుదురులో పునాదిలా ఉన్న నియమం ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఫలితం లేకుండా పదే పదే చేసే పని దురలవాటు." గుట్కాకైతే చక్కగా సరిపోతుంది. గోళ్లు కొరకడానికి సరిపోతుంది. కానీ చెవిటి ఆఫీసు ముందు మొత్తుకునే మనిషికి కూడా అదే సరిపోయింది! పట్టించుకోనివాడు జలసమితి వాడైతే, దురలవాటు పడింది అడిగిన మనిషికి. అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. కుదురు నేర్చుకుంటుంది కదా, ఫిర్యాదు గొంతుతో వచ్చే మాటలన్నిటినీ ఒకే గంపలో వేసింది. నీళ్లు బాగాలేవు, ఉప్పు తక్కువైంది, నొప్పిగా ఉంది, నా బిడ్డ కదలడం లేదు. దాని లెక్కలో అన్నీ ఒకటే.

మా బృందం పెద్ద ప్రభంజన్ గారి దగ్గరికి పరిగెత్తాను. పేరుకి తుపాను, మనిషి మాత్రం చల్లారిన ఇడ్లీ. ఆయన ప్రోగ్రాం రాయడు కాబట్టి గింజ పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాడు.

"ఇది లోపం కాదు స్వరూప గారూ. మీ కాలనీ ప్రశాంతత అంకె ఎంత పెరిగిందో చూశారా? జలసమితి వాళ్లు మనకు అభినందన పంపారు. వాళ్లకు ఫిర్యాదులు సున్నాకి వచ్చాయట."

"నీళ్లు మురుగు కంపు కొడుతున్నాయి సార్!"

"సున్నా ఫిర్యాదులున్న చోట నీళ్లు బాగున్నట్టే లెక్క."

"ఆ నియమం మార్చాలంటే ఏం చెయ్యాలి?"

"కమిటీ కూర్చోవాలి."

"ఎప్పుడు కూర్చుంటుంది?"

"వాడుకదారుల నుంచి ఫిర్యాదులు రాగానే." ఆయన తెరను నా వైపు తిప్పి చూపించాడు. "ఇంతవరకు ఒక్కటీ రాలేదు."

అప్పుడు నోరు పారేసుకున్నాను. ఆ మాటలు చిట్టాలో రాయదగినవి కావు. ఆయన ఓపిగ్గా విని, మంచినీళ్లు కావాలా అని అడిగాడు. సీసా నీళ్లు, తళతళలాడుతూ.

పోనీ గింజ తీయించేద్దామా అంటే, పెట్టుకున్న మనిషే అడగాలి. "ఇది నాకొద్దు" అనడం ఫిర్యాదే కదా. నేనే దొంగతనంగా నియమం మారుద్దామా అంటే, మార్పు మీద ఇద్దరి వేలిముద్రలు పడాలి. రెండో వేలు ప్రభంజన్ గారిది.

గురువారం

పగలంతా ఆసుపత్రిలోనే ఉన్నాను. సెలవు చీటీ పెట్టలేదు.

చెల్లెల్ని బతిమాలాను, తిట్టాను. "నొప్పి అని ఒక్కసారి అనవే," అన్నాను. నోరు తెరుస్తుంది, పెదాలు కదులుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇంతలో ముఖం నునుపుగా అయిపోతుంది. "మంచిగనే ఉన్న అక్కా, నువ్వు తిన్నవా?" అంటుంది. చిన్నప్పుడు చెవిలో చీమ దూరిందని ఊరంతా వినబడేలా అరిచిన పిల్ల ఇది.

మధ్యాహ్నం ఆమె దిండు జారిపోయింది. నేను కిటికీ వైపు చూస్తున్నాను. "అక్కా, దిండు..." అని సగంలో ఆగింది. అంత చిన్న మాట కాబట్టి గింజ అడ్డుపడటం ఆలస్యమైనట్టుంది. నేను చప్పున లేచి దిండు సర్దాను. నీలవేణి నా వంక వింతగా చూసింది. కాసేపటికి, "ఫ్యాన్ గాలి సరిగ తగుల్తలేదు," అంది. పూర్తి వాక్యం! లేచి ఫ్యాను తిప్పాను.

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లు ఆ లెక్కల మధ్య బతికి, ఇంత ఆలస్యంగా తట్టినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. ఫలితం లేకపోతేనే కదా దురలవాటు. ఫలితం వస్తే? అడిగిన ప్రతిసారీ పని జరిగితే, గింజ దాన్ని మంచి అలవాటు కింద రాసుకోవాలి. రాసుకుని వెన్ను తట్టాలి కూడా.

ఓదెలును పిలిచి చెప్పాను.

"ఇగ సూడు, ఆమె ఏమడిగినా సగం మాటకే లేవాలె. దుప్పటి అంటే దుప్పటి, నీళ్లంటే నీళ్లు. కూసున్నవంటే నా చేతుల అయిపోతవ్."

"నేను గూడ అడగొచ్చా వదినె?"

"నీకేం కావాలె?"

"పప్పుల ఉప్పు లేకుండె మొన్న," అన్నాడు. సారీ చెప్పి ఉప్పు పొట్లం తెచ్చి చేతిలో పెట్టాను. వాడి ముఖం వెలిగిపోయింది.

సాయంత్రానికి నీలవేణి గంజి వేడిగా ఉందంది, తర్వాత చల్లారిందంది, పక్కమంచం ఆమె గురకపెడుతోందంది. ఓదెలు పరిగెత్తి పరిగెత్తి చెమటలు కక్కాడు. కానీ నొప్పి అనే మాట మాత్రం ఇంకా రాలేదు. అది గింజకి పాత శత్రువు. చిన్న మాటల మీద ఎక్కి అక్కడికి చేరాలి.

నాకు సంతోషంగా లేదు, ఒళ్లు మండిపోతోంది. "నొప్పి" అనడానికి ఒక మనిషికి అ ఆలు దిద్దించినట్టు నేర్పించాల్సి వస్తోందంటే, సిగ్గుపడాల్సింది మీరు.

శుక్రవారం

మీ జవాబు అందింది. "మీ చిట్టా నిడివి మించుతోంది. కోపానికి కారణాలు సమతూకంగా లేవు. వచ్చే వారం నుంచి మీకు కూడా కుదురు పెట్టే విషయం పరిశీలిస్తున్నాం. ప్రశాంతంగా ఉండగలరు." పరిశీలించుకోండి. పిల్లిమెడలో గంట ఎవరు కడతారో చూస్తాను.

ఆసుపత్రిలో ఓదెలును ఉంచి కాలనీకి వచ్చాను. ఊరికే కూర్చుంటే ఈ నీళ్లు ఇంకొక ఇంట్లో ఇంకొకరిని పడగొడతాయి. లిఫ్టు ముందున్న వరండాలో చాపలు పరిచి, అందరినీ పిలిచి, ఎదురెదురుగా రెండు వరసల్లో కూర్చోబెట్టాను. ఒకరు ఫిర్యాదు చెయ్యాలి, ఎదుటివాళ్లు మారుమాట లేకుండా అక్కడికక్కడే తీర్చాలి. ఇదీ పద్ధతి.

మొదట్లో ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఇరుగుపొరుగు నవ్వుకుంటూ కూర్చున్నారు, పెళ్లిచూపులకొచ్చినట్టు. చివరికి లస్మక్క గొంతు సవరించుకుంది.

"బిడ్డా స్వరూపా, నీ టీపొడి డబ్బా నా అలమరల ఎందుకే? నా పోపు డబ్బాలకు జాగ లేదు."

లేచి వెళ్లి డబ్బా తెచ్చుకున్నాను. ఆమె చెవి వెనక గింజ ఏం రాసుకుందో గాని, లస్మక్క వెన్ను నిటారుగా అయింది.

"ఇంకోటి. నీ కిటికీల కెళ్లి దుమ్ము నా బట్టల మీద పడ్తది."

కిటికీ మూసి వచ్చాను. తర్వాత కట్టలు తెగాయి. చెప్పులు అడ్డంగా విడిచారని, పాట గట్టిగా పెడతారని, అప్పు తీసుకున్న చింతపండు తిరిగివ్వలేదని. అందరూ లేస్తున్నారు, తెస్తున్నారు, జరుపుతున్నారు. గంట తిరిగేసరికి వరండా సంతలా ఉంది. ఎన్నాళ్లకు విన్నానో ఆ గోల! రెండు మూడు రోజులు ఇలాగే చేసి, సోమవారం అందరం కలిసి జలసమితికి వెళ్లాలని అనుకున్నాం.

డబ్బా ఇంట్లో ఉంది కాబట్టి వరసగా మూడు టీలు తాగేశాను. ఈ వారానికి నా నిగ్రహం ఇంతే.

శనివారం

నీలవేణి అరిచింది.

పొద్దున వార్డులో అందరికీ గంజి పోస్తున్నారు. ఆమె గ్లాసు పక్కకు నెట్టి లేచి కూర్చుంది. ముఖం నునుపు కాబోయింది. మంచం పట్టె పట్టుకుని, పళ్లు బిగబట్టి, గింజతో పోట్లాడింది. చెమటలు కారిపోతున్నాయి.

"అక్కా, నొప్పి! నాకు మంచిగ లేదు! డొక్కల నొప్పి, తల నొప్పి, నా బిడ్డ కదుల్తలేదు! ఎవ్వరు లేస్తలేరేంది? మీకు వినబడ్తలేదా!"

వార్డంతా లేచింది. నేను లేచాను, ఓదెలు లేచాడు, గంజి పోసే ఆమె బిందె వదిలేసి పరిగెత్తింది. పక్కమంచం గురకామె కూడా లేచి డాక్టరును పిలవడానికి పోయింది. ఫర్హానా వచ్చింది, వెంటనే యంత్రం తెప్పించి పొట్ట మీద పెట్టింది. వెతికింది. మళ్లీ వెతికింది.

"ఎప్పటి నుంచమ్మా కదలడం లేదు?"

"నిన్న పొద్దుగాల్ల సంది మేడం," అంది నీలవేణి. "తెలుస్తనే ఉన్నది. చెప్పరాలే."

నిన్న సాయంత్రం పూట చూసేటప్పుడు గుండె కొట్టుకుంటూనే ఉందట. నీరసంగా ఉందని రాసి, తల్లి ఇబ్బందేమీ చెప్పలేదని కింద రాశారు.

నీలవేణికి కాన్పు చేశారు. ఆమె బతికింది. బిడ్డ ఆడపిల్ల, తల నిండా జుట్టు. ఏడవలేదు.

"నిన్న చెప్పి ఉంటే బయటికి తీసేవాళ్లం," అని డాక్టర్ ఫర్హానా నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్లు తడిశాయి, మరుక్షణం ఆరిపోయాయి. ఆ ఆరిపోవడం చూశాక నేను వరండాలోకి వెళ్లి గోడను కొట్టాను. చెయ్యి వాచింది. మీరు అడుగుతారని రాస్తున్నాను, కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

సోమవారం

జలసమితికి కాలనీ కాలనీ కదిలింది. ఎవరూ లిఫ్టు దగ్గర ఆగలేదు. ముందు లస్మక్క, చేతిలో టీ రంగు నీళ్ల సీసా. ఆఫీసరు చిరునవ్వుతో లేచి, "మీ కాలనీ నుంచి ఈ మధ్య ఇదే మొదటి ఫిర్యాదమ్మా," అన్నాడు.

"మొదటిదా? నీ కండ్లు మండ! తాగు, ముందు ఈ నీళ్లు తాగి మాట్లాడు," అంది లస్మక్క. సీసా మూత తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన వాసన చూశాడు. మేం కదలలేదు. ఆయన తాగేదాకా కదలమని చెప్పాం. సాయంత్రానికి మా వీధిలో గొట్టం తవ్వడం మొదలుపెట్టారు.

నా కాలనీ వాళ్లందరి ఫిర్యాదులు ప్రభంజన్ గారికి కూడా పంపాను. ఇప్పుడు కమిటీ కూర్చోక తప్పదు. ఎప్పుడు కూర్చుంటుందో ఆయన చెప్పలేదు. ఒక పసిదాని ప్రాణం పోయాక కూర్చునే కమిటీ కూర్చుంటే ఎంత, నిలబడితే ఎంత?

గురువారం, మధ్యాహ్నం

నీలవేణిని సోమవారం రాత్రే ఇంటికి తెచ్చాం. కామెర్లు తగ్గుముఖం పట్టాయి. గింజ తీసెయ్యమని తనే అడిగింది, గట్టిగా అడిగింది. అర్జీ తీసుకున్నారు. తొందరపడి తీయించుకోవడం కూడా దురలవాటేనని మీ నియమం కాబట్టి నెల రోజులు ఆగాలన్నారు.

మొదటి రోజు బాగా ఏడ్చింది. రెండో రోజు పాలు చేపుకొచ్చి రవిక తడిస్తే ఏడ్చింది. నిన్న ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఆగింది. ముఖం నునుపుగా అయిపోయింది. నా చెయ్యి పట్టుకుని, భయంగా, చిన్న గొంతుతో అంది.

"అక్కా, ఎందుకు తియ్యి అనిపిస్తుంది. నా బిడ్డ కోసం నన్ను ఏడ్వనిస్తలేదే ఇది."

నాకు వెంటనే అర్థమైంది. ఎంత ఏడ్చినా బిడ్డ తిరిగి రాదు. ఫలితం లేని పని పదే పదే చేస్తోంది. ఇన్ని లెక్కలు తెలిసిన నేను దీనికేం చెయ్యాలో తెలియక, వరండాలోకి వచ్చి లస్మక్కతో చెప్పి ఏడ్చాను.

"ఫలితం కావాల్నట్నా దానికి?" అంది లస్మక్క. కొంగు నడుముకు దోపింది. "ఎందుకు రాదు? మేమొస్తం."

నిన్నటి నుంచి ఇదే జరుగుతోంది. నీలవేణి ఏడ్చిన ప్రతిసారీ కాలనీ లేస్తోంది. పొయ్యి మీద కూర ఆపి ఒకరు, పలకలు తుడుస్తూ చేతిలో గుడ్డతో ఒకరు, ఆఫీసు పని మధ్యలో ఒకరు. వచ్చి చుట్టూ కూర్చుంటారు. ఊరుకోమని ఒక్కరూ అనరు. ఆమె తల నిమురుతారు, బిడ్డ జుట్టు ఎలా ఉందో మళ్లీ చెప్పించుకుని వింటారు. ఏడుపు అయ్యేదాకా ఉండి వెళతారు. ఇవాళ పొద్దున నాలుగోసారి ఏడ్చినప్పుడు ఆమె ముఖం ఆగిపోలేదు. చివరిదాకా ఏడ్చింది.

నెల రోజులూ ఇలాగే చేస్తాం. మీ గింజ ఏం రాసుకుంటుందో రాసుకోనివ్వండి.

కింద నుంచి ఏడుపు వినబడుతోంది. మా అంతస్తులో తలుపులు తెరుస్తున్నారు. నేను కూడా వెళ్లాలి.